ఆర్గసీలో సుబ్బారావు, పొలసరలో బోదకాలు మాత్ర

(పాత పత్రికల్లో మన గంజాం: పన్నెండో భాగం)

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో ఎవరు రాసినా ఒక అమెరికన్ పత్రిక మాట ఎత్తకుండా ఉండరు. తన పేరు కూడా వినని జనం ఆయుష్షు పెంచి వెళ్ళిపోయిన మనిషి అని ఆ పత్రిక ఆయన్ని మెచ్చుకుంది. పత్రిక పేరు ఆర్గసీ. సంచిక 1950 ఏప్రిల్. రాసినవాడు డోరన్ కె. ఆంట్రిమ్. సభ భీమవరంలో జరిగినా బరంపురంలో జరిగినా వక్త ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచుతాడు, చప్పట్లు మోగుతాయి. అమెరికావాడే అన్నాడు, ఇంకేం కావాలి!

ఆ ఆర్గసీ ఎలాంటి పత్రికో అడిగినవాళ్ళు తక్కువ. అదేదో వైద్యుల పత్రికో శాస్త్ర పత్రికో అయివుంటుందని వినేవాళ్ళు అనుకుంటారు, చెప్పేవాళ్ళూ అలాగే అనుకోనిస్తారు. నిజానికి 1882లో ఫ్రాంక్ మన్సీ దాన్ని గోల్డెన్ ఆర్గసీ అనే పేరుతో పిల్లల వారపత్రికగా మొదలుపెట్టాడు. 1896 నాటికి అది అచ్చంగా కథల పత్రిక అయింది. కర్రగుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చేసేవాడు కాబట్టి అమెరికాలో తరవాత వెల్లువెత్తిన 'పల్ప్' పత్రికలన్నిటికీ దాన్నే మూలపురుషుడుగా చెబుతారు. 1942లో చేతులు మారి, 1943లో నున్నటి కాగితానికి ఎక్కి, మగవాళ్ళ సాహసాల పత్రికగా కొత్త అవతారం ఎత్తింది. వేట, గాలాలు, యుద్ధం, నేరాలు దాని సరుకు. పెర్రీ మేసన్ నవలలు రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ 1948 నుంచి అందులోనే, చేయని నేరానికి జైల్లో మగ్గుతున్నవాళ్ళ కేసులు తిరగదోడుతూ ఒక శీర్షిక నడిపాడు. మన భీమవరం బ్రాహ్మడి కథ వచ్చింది అలాంటి పత్రికలో. రాసిన ఆంట్రిమ్ కూడా శాస్త్రజ్ఞుడేమీ కాడు. అంతకు ముందు మెట్రొనోమ్ అనే సంగీత పత్రికకు, అంటే డాన్సు బ్యాండ్ల వాళ్ళు చదువుకునే పత్రికకు, సంపాదకుడుగా ఉన్నవాడు.

ఇంత తెలిశాక ఆ మెప్పు విలువ పడిపోయిందని కొందరు నొచ్చుకుంటారు. నా లెక్కలో పెరిగింది. వైద్యపత్రిక మెచ్చుకుంటే ఒక పరిశోధకుణ్ణి తోటివాళ్ళు గుర్తించారని అర్థం, అది మామూలే. ఆర్గసీ మెచ్చుకుందంటే, రైలు కోసం ఎదురుచూస్తూ జేబులో చిల్లర తీసే ఒక సామాన్యుడికి ఈ భారతీయుడి కథ నచ్చుతుందని, నచ్చితే కొంటాడని ఒక సంపాదకుడు లెక్క కట్టాడన్నమాట. పాపులర్ పత్రిక చరిత్రకు ఇచ్చే సాక్ష్యం ఇలాంటిదే. అది చెప్పిన విషయం కంటే, దాన్ని ఎవరికి అమ్మబోయింది, ఎందుకు అమ్ముడుపోతుందనుకుంది అన్నదే మనకు ఎక్కువ పనికొస్తుంది.

ఆ రోజుల్లో మందుల కథలకు గిరాకీ ఉంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1944 మే నెలలో టైమ్ పత్రిక ముఖచిత్రం అయ్యాడు. స్ట్రెప్టోమైసిన్ ఘనతకు సెల్మన్ వాక్స్‌మన్ 1949 నవంబరులో అదే అట్ట మీదికి ఎక్కాడు. 'సూక్ష్మజీవుల వేటగాళ్ళు' అనే పుస్తకంతో 1926లోనే పేరు తెచ్చుకున్న పాల్ డి క్రూఫ్ రీడర్స్ డైజెస్ట్‌లో ఆరోగ్యం మీద రాస్తున్నాడు. పరిశోధకుణ్ణి వేటగాడుగా, ప్రయోగశాలను అడవిగా చూపించే ఆ పద్ధతి, నిజం వేటగాళ్ళ పత్రిక అయిన ఆర్గసీకి చక్కగా ఒదిగింది. సుబ్బారావు నేతృత్వం వహించిన లెడర్లె ప్రయోగశాలలో బయటపడిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. అదే ఏడాది ఆగస్టులో ఆయన నిద్రలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. ఇరవై నెలల తరవాత వచ్చింది ఈ వ్యాసం. ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి. అమెరికన్ మాసపత్రికల మీద ఉండే నెల, అంగళ్ళలో సంచిక ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే నెల. ఏప్రిల్ సంచిక మార్చిలోనే, ఒక్కోసారి ఇంకా ముందే వచ్చేస్తుంది. రాత అంతకు చాలా ముందే పూర్తవుతుంది. తేదీలు కలుపుకుంటూ చరిత్ర రాసేవాళ్ళు ఈ అట్ట మీది నెలను నమ్మి బోల్తా పడటం మామూలు.

పేరు వినలేదన్న మాటకు వద్దాం. అది ఆర్గసీ పాఠకుడితో అన్న మాట. ఊరూ పేరూ లేని వీరుడి కథ చెప్పాలంటే అలాగే ఎత్తుకోవాలి, అది ఆ రకం రచనకు కట్టుబాటు. మనవాళ్ళు దాన్ని పట్టుకుని, లోకమంతా ఆయన్ని విస్మరించిందనడానికి రుజువుగా వాడుకున్నారు. కానీ రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ప్రకటించినప్పటి నుంచీ జీవరసాయన ప్రయోగశాలల్లో ఆయన పేరు నలుగుతూనే ఉంది. ఆ పద్ధతి పేరే ఫిస్కె-సుబ్బారావు పద్ధతి. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరే పెట్టారు. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు, నోబెల్ రాలేదు. నిజమే. అయితే 'అన్యాయం జరిగింది' వేరు, 'ఎవరికీ తెలీదు' వేరు. ఈ రెంటినీ కలిపేసి ఒకే కన్నీటి కథ చేసింది మన సభలే తప్ప ఆర్గసీ కాదు.

పత్రిక పాఠకులను దేశమంతా అనుకుంటే ఏమవుతుందో అమెరికావాళ్ళే ఒకసారి ఘనంగా చూపించారు. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే ప్రసిద్ధ వారపత్రిక అధ్యక్ష ఎన్నికల మీద కోటి కార్డులు పంచి, 23 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు వెళ్ళింది టెలిఫోనూ కారూ ఉన్నవాళ్ళ చిరునామాలకు, పత్రిక చందాదారులకు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అవేవీ లేనివాడి ఓటు లెక్కలోకి రాలేదు. రెండేళ్ళకు పత్రికే మూతపడింది. 1930లలో తెలుగువారి అభిప్రాయం అంటూ భారతి, కృష్ణాపత్రిక పేజీలు చూపించే పరిశోధకుల బల్ల మీద ఈ కథ అచ్చేసి పెట్టాలనిపిస్తుంది. ఆ పత్రికలకు చందా కట్టగలిగినవాళ్ళు ఊరికి ఎందరు? గంజాంలో వకీళ్ళు, ప్లీడరు గుమాస్తాలు, పంతుళ్ళు, ఎస్టేటు కచేరీల ఉద్యోగులు. పొలసర చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసిన మనిషి గొంతు అందులో వినపడితే అది అదృష్టం, హక్కు కాదు.

అమెరికన్ పత్రికలు మనవాళ్ళను చూసిన చూపు ఎప్పుడూ ఆర్గసీ చూపంత చల్లగా లేదు. 1910 జూన్‌లో ఫోరమ్ అనే పత్రికలో హెర్మన్ షెఫావర్ ఒక వ్యాసం రాశాడు. పసిఫిక్ తీరంలో కర్ర మిల్లుల్లో, పొలాల్లో పనికొచ్చిన పంజాబీలను తలపాగాల పోటుగా, ముంచుకొచ్చే ఉపద్రవంగా వర్ణించాడు. 1907లో బెల్లింగ్‌హామ్‌లో భారతీయ కూలీలను తరిమికొట్టిన గుంపు మనసు ఎలాంటిదో తెలియాలంటే పోలీసు కాగితాల కంటే అలాంటి వ్యాసాలే బాగా చెబుతాయి. 1917లో భారతీయ కూలీల వలసకు చట్టం తలుపు మూసింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం ఇవ్వడం కుదరదని తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో, కాకినాడ మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతోనూ మామగారి సొమ్ముతోనూ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. విద్యార్థి గనక రానిచ్చారు.

1946 జులైలో ఆ చట్టాన్ని సవరించి, ఏడాదికి వందమంది భారతీయులను రానిచ్చి, పౌరసత్వానికి దారి తీశారు. ఆ బిల్లు తెచ్చినవాళ్ళలో ఒకరు కాంగ్రెస్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్. ఆమె భర్త హెన్రీ లూస్ 1923లో టైమ్, 1936లో లైఫ్ స్థాపించినవాడు. మార్గరెట్ బర్క్-వైట్ 1946లో రాట్నం పక్కన గాంధీని ఫొటో తీసింది ఆ లైఫ్ తరఫునే. చట్టం మారింది పత్రికల వల్లేనని నేననను. యుద్ధం, చైనా, జపాన్, ఇండియా స్వాతంత్ర్యం, అన్నీ కలిసి మార్చాయి. కానీ 1910 ఫోరమ్‌నూ 1950 ఆర్గసీనీ పక్కపక్కన పెట్టి చదివితే నలభై ఏళ్ళలో ఒక దేశం మనసు ఎంత దూరం నడిచిందో కళ్ళకు కడుతుంది. చట్టాల పుస్తకం మార్పు జరిగిన తేదీని చెబుతుంది గానీ నడకను చూపించలేదు. ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. పౌరసత్వానికి తలుపు తెరిచాక కూడా సుబ్బారావు ఆ పని పూర్తి చేసుకోలేదు, భారతీయుడుగానే పోయారు.

ఇక అసలు సరుకు, ప్రకటనలు. పత్రికను ఖర్చు కంటే తక్కువకు అమ్మి, నష్టాన్ని ప్రకటనల మీద రాబట్టుకునే కిటుకు 1893లో మన్సీ ప్రయోగించాడు. తన మన్సీస్ మ్యాగజైన్ ధరను పది సెంట్లకు దించాడు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ పత్రికలన్నీ ఆ దారినే నడిచాయి. అప్పట్లో ప్రకటనల్లో పెద్ద వాటా గుట్టు మందులది, అంటే ఏం కలిపారో చెప్పకుండా సర్వరోగ నివారిణి అని అమ్మే సీసాలది. లేడీస్ హోమ్ జర్నల్ సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్ 1892లోనే వాటి ప్రకటనలు మానేశాడు, ఊరుకోక వాటి మీద యుద్ధమే చేశాడు. ఆడవాళ్ళ జబ్బులకు మందు అమ్మిన లిడియా పింకమ్ పేరుతో ఒక ప్రకటన వచ్చేది: మీ బాధలు లిన్ పట్టణంలో ఉన్న మిసెస్ పింకమ్‌కు రాయండి, ఆమె సలహా చెబుతుంది అని. బాక్ 1905లో ఆమె సమాధి రాయి ఫొటో అచ్చేశాడు. ఆమె 1883లోనే పోయింది! ఆ 1905లోనే కొలియర్స్ వారపత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ ఈ మందుల మోసం మీద ధారావాహిక మొదలుపెట్టాడు. 1906లో ఆహారం, మందుల స్వచ్ఛత చట్టం వచ్చింది. పత్రిక చరిత్రకు సాక్షిగా నిలవడం ఒక ఎత్తు, చరిత్రను తానే ఒక తోపు తొయ్యడం ఇంకో ఎత్తు.

మన దగ్గర మందుకూ పత్రికకూ మైత్రి మరో రకంగా సాగింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికనూ, 1914లో మద్రాసులో దినపత్రికనూ, 1924లో భారతినీ నడిపారు. లోధ్ర మందు అమ్మిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పెట్టారు. అమెరికాలో మందు సీసా పత్రికను పోషించి దాని నోరు కట్టేసింది. మనకు మందు డబ్బా స్వాతంత్ర్యోద్యమాన్నీ స్త్రీవిద్యనూ పోషించింది. అలాగని మన పత్రికల్లో మందుల ప్రకటనలన్నీ సత్యసంధమైనవనడం లేదు, బలవర్ధక లేహ్యాల గోల పాత సంచికలు తిప్పినవాళ్ళకు తెలుసు. కానీ ఆ గోలలోనే మన తాతలు దేనికి భయపడేవారో కనిపిస్తుంది. చలిజ్వరం, గజ్జి, నరాల నిస్సత్తువ, సంతానలేమి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా పొలసర, అస్కా, బరంపురం అన్నీ మద్రాసు రాజధానిలోవే. మద్రాసు పత్రికలు, మద్రాసు మందులు ఒకే రైలు మీద బరంపురం స్టేషన్లో దిగేవి. సుబ్బారావు చదివిన మద్రాసు వైద్య కళాశాల కూడా అప్పటికి మన రాజధానిలో కళాశాలే. ఖద్దరు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళి తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహం తెచ్చుకుని, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారాయన.

ఇప్పుడు ఆర్గసీ పొగడ్తను తక్కెడలో వేద్దాం. ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లె బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు, ఆ జబ్బుకు ఈ విటమినే మందైంది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డు తగిలే అమినోప్టెరిన్ కూడా ఆ బృందం తయారుచేసిందే. బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మెరుగు కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. క్యాన్సర్‌కు రసాయన చికిత్సలో అది పెద్ద మలుపు. ఇవన్నీ శాస్త్ర పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఒక్కో దాని మీద చాలామంది పేర్లు ఉంటాయి, కొన్నిటి మీద సుబ్బారావు పేరు ఉండదు కూడా. పాపులర్ పత్రికకు బృందం పనికిరాదు, దానికి ఒక్క కథానాయకుడు కావాలి. అందుకని ఆర్గసీ సంగతిని తప్పనలేం, దాని కొలతను మాత్రం సవరించుకోవాలి.

ఈ జాబితాలో ఒక మందు మన గుమ్మంలోకి వస్తుంది. యుద్ధకాలంలో సమోవా, ఆ చుట్టుపక్కల దీవుల్లో దిగిన అమెరికన్ సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు, పాలయ్యారు. అప్పటిదాకా ఉష్ణదేశాల బీదవాళ్ళ జబ్బుగా ఉన్నది ఒక్కసారిగా అమెరికా జబ్బయి కూర్చుంది. లెడర్లెలో హ్యూయిట్ తదితరులు వందల రసాయనాలు పరీక్షించి డైఇథైల్ కార్బమజైన్ తేల్చారు. 1947లో అచ్చయిన ఆ పత్రంలో రచయితల వరసలో చివరి పేరు సుబ్బారావుది. కంపెనీ దాన్ని హెట్రజాన్ పేరుతో అమ్మింది. 1949 నుంచి 1954 దాకా దేశంలో ఫైలేరియా నివారణకు తొలి ప్రయోగ పథకం నడిచింది ఒరిస్సాలోనే. ఆ అనుభవం మీద 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం పుట్టింది. అంటే ఆర్గసీ పాఠకులు సుబ్బారావు కథ చదువుతున్న నెలల్లోనే ఆయన బృందం తేల్చిన మందు ఒరిస్సాలో పరీక్షకు నిలబడి ఉంది. ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి చూసిన తెలుగు వ్యాసం నా కంటపడలేదు.

ఫైలేరియా పట్టి పీడించే జిల్లాల జాబితాలో గంజాం నేటికీ ఉంది. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. దాని పిల్లపురుగులు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి సర్వేవాళ్ళు పొద్దుపోయాక ఇంటింటికీ వచ్చి వేలి నుంచి రక్తపు బొట్టు తీసుకుంటారు. 2004లో దేశమంతటా సామూహిక మాత్రల పంపిణీ మొదలైంది. పొలసర వీధుల్లో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఆల్బెండజోల్‌తో పాటు చేతిలో పెట్టే ఆ తెల్ల మాత్ర హెట్రజాన్‌లోని మందే. పత్రికలు మహిమగా రాసిన మందు ఇక్కడ మహిమలా ప్రవర్తించలేదు. అది రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది, ఉబ్బిన కాలును పాత కాలు చేయదు. పురుగులు చచ్చేటప్పుడు కొందరికి జ్వరం, వాంతులు వస్తాయి. జబ్బు లేదనుకున్న మనిషికి మాత్ర వేసుకుంటే జబ్బు చేస్తే ఏమనుకుంటాడు? తీసుకున్న మాత్రను పెరట్లోకి విసిరేస్తాడు. గడువు 2015 అన్నారు, జరిగిపోయింది. ఇప్పుడు 2027 అంటున్నారు. 1950 నాటి వ్యాసాల్లో మందు కనిపెట్టడంతో కథ అయిపోతుంది. మన ఊళ్ళో అక్కడ మొదలవుతుంది.

ఇలాంటి సంగతులు పోల్చి చూడాలంటే సంచికలు దొరకాలి. లైబ్రరీలు పత్రికలను బైండు చేయించేటప్పుడు అట్టలు, ముందూ వెనకా ఉన్న ప్రకటనల పేజీలు చింపేసే అలవాటు అమెరికాలో ఉంది, మన దగ్గరా ఉంది. వ్యాసాలు ముఖ్యం, సబ్బు ప్రకటన ఎందుకని వాళ్ళ ఆలోచన. చరిత్రకారుడికి సబ్బు ప్రకటనే కావాలని వాళ్ళకెవరు చెప్పాలి? తెలుగు సంచికలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం పెద్ద దిక్కు. నాలుగో దిక్కు అమెరికాలో ఉంది. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద మనం కొన్న గోధుమలకు రూపాయల్లో కట్టిన సొమ్ములో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు, పత్రికలు కొని అమెరికన్ విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగూ అందులో ఉంది. రేషను గోధుమలు మనం తిన్నాం, మన పత్రికలు వాళ్ళు దాచారు. బేరం మనకే లాభించిందేమో!

అదే రోజుల్లో అటు అమెరికా స్పాన్ పత్రికనూ, ఇటు రష్యా సోవియట్ భూమినీ నామమాత్రపు ధరకు మన ఇళ్ళలోకి పంపాయి. రెంటినీ చదివినవాళ్ళ కంటే, ఆ నున్నటి కాగితంతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్ళే ఎక్కువ. గంజాం పిల్లల తెలుగు, ఒడియా వాచకాల మీదికి ప్రచ్ఛన్న యుద్ధం ఎలా ఎక్కిందో వచ్చే భాగంలో.